పక్కింటి 10, మనింటి 9.8: జీపీఏ లెక్క తెలుసుకుందాం



మొన్న మన సుల్తానాబాద్ బ్రాంచి పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మ అడిగారు: "టీచర్, మా పెద్దోనికి అప్పట్ల టెన్త్‌ల 9.8 వచ్చింది. పక్కింటి పిల్లకు 10. మావోడు తక్కువ చదివినట్టేనా?"

లెక్క వేసి చూద్దాం.

టెన్త్‌లో ఆరు సబ్జెక్టులు. 91 నుంచి 100 మార్కులు వస్తే ఏ1, అంటే 10 పాయింట్లు. 81 నుంచి 90 వస్తే ఏ2, 9 పాయింట్లు. 71 నుంచి 80 వస్తే బీ1, 8 పాయింట్లు. హిందీకి మాత్రం ఈ హద్దులు వేరు. ఆరింటి పాయింట్లు కలిపి 6తో భాగిస్తే జీపీఏ వస్తుంది.

ఒక పిల్లకు ఆరింటిలోనూ 91 వచ్చాయనుకోండి. పాయింట్లు 60, జీపీఏ 10. మొత్తం మార్కులు 546.

ఇంకో బాబుకు ఐదింటిలో 100, లెక్కల్లో 90. పాయింట్లు 59, జీపీఏ 9.8. మొత్తం మార్కులు 590!

44 మార్కులు ఎక్కువ వచ్చినా జీపీఏలో బాబే వెనుక. లెక్కల్లో ఆ ఒక్క మార్కే కారణం.

2025 నుంచి మన రాష్ట్ర టెన్త్ మెమోలో జీపీఏ లేదు. సబ్జెక్టుల వారీగా మార్కులు, గ్రేడ్లు ఇస్తున్నారు. కాబట్టి అన్న పాత జీపీఏతో తమ్ముడి మార్కులను పోల్చకండి. జీపీఏను 10తో గుణించి అదే పర్సంటేజీ అనుకోకండి.

ఈసారి ప్రోగ్రెస్ కార్డు రాగానే పిల్లల పక్కన కూర్చోండి. ఏ సబ్జెక్టులో, ఏ ప్రశ్నకు మార్కులు పోయాయో కలిసి చూడండి.

ఇంట్లో 9.8 తెచ్చుకున్న పెద్దోడు ఉంటే, వాడికీ ఈ లెక్క చూపించండి.