పని గంటల పత్రంలో ఖాళీలు గీసుకోవటం ఎలా?

జీతం తక్కువ ఇచ్చారని అమెరికా కార్మిక శాఖలోని వేతన, పని గంటల విభాగానికి ఫిర్యాదు చేసేటప్పుడు మీ సొంత లెక్క బాగా అక్కరకు వస్తుంది. రికార్డు ఉంచవలసినది యజమానే. అయినా ఆ ఒక్క కాగితాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. దగ్గరలోని పబ్లిక్ లైబ్రరీ కంప్యూటర్‌లో, వర్డ్‌లో మీరే ఒక పత్రం తయారు చేసుకోండి.

"పేరు:" పక్కన వరుసగా అండర్‌స్కోర్లు కొట్టకండి. గీతలు ఒక చోట ఆగవు, టైపు చేస్తే పక్కకు జరిగిపోతాయి. పెన్నుతో నింపేదైతే పారాగ్రాఫ్ పెట్టెలో టాబ్స్ తెరవండి. గీత ఆగవలసిన కొలత ఇచ్చి, రైట్, లీడర్ 4 ఎంచుకుని, సెట్, ఓకే నొక్కండి. ఇక "పేరు:" తరువాత టాబ్ కొడితే గీత అంతవరకే వస్తుంది.

కంప్యూటర్‌లోనే నింపేదైతే టేబుల్ మేలు. పై గడికి కింది అంచు మాత్రం ఉంచి, దాని కింది గడిలో "పని మొదలు", "భోజన విరామం", "పని ముగింపు" అని చిన్న అక్షరాలతో వేయండి. పక్కన ఇంగ్లీషులో కూడా ఉంటే అధికారి చదవగలరు. తేదీ కింద "నెల/రోజు/సంవత్సరం" అని తప్పక ఉండాలి: 03/04 మనకు ఏప్రిల్ 3, ఇక్కడ మార్చి 4. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి.

రోజు లెక్క ఆ రోజే నింపండి. ఫెడరల్ చట్టం ప్రకారం బకాయి అడగటానికి గడువు 2 సంవత్సరాలు, యజమాని కావాలని ఎగ్గొడితే 3. ఫోను: 1-866-487-9243. ఫిర్యాదు ఉచితం, మీ పేరు గోప్యంగా ఉంచుతారు.