యంత్రము తన పేరు నెఱుగనియెడల

ప్రవేశపు రిజిస్టరులో ఒక పేరును, హాజరుపట్టీలో మఱియొక పేరును ఉన్నచో, బాలుడు గదిలోనే కూర్చుండియు పిలుపునకు పలుకడు. కంప్యూటర్లలో గూడ నిట్టి చిక్కు కలదు.

గత సంవత్సరము మన పాఠశాలలోని లినక్స్ సర్వరునకు మేము క్రొత్త పేరు పెట్టితిమి. మఱునాడు 'సుడో' అను ఆజ్ఞ నిచ్చినప్పుడెల్ల, ఈ పేరుగల హోస్టు తెలియరాలేదను హెచ్చరిక తెరపై కనబడుచుండెను. ఇతర గదుల కంప్యూటర్లకు సర్వరు దొరకకుండెను. త్రైమాసిక పరీక్షల మార్కులన్నియు దానియందే యుండెను; వేఱు నకలు లేదు. అంతయు తుడిచి మరల స్థాపింతమని మాలో కొందఱు తొందరపడిరి. మేము దానికి సమ్మతింపక, క్రమముగ పరీక్షింప నారంభించితిమి.

మొదట, వేఱొక కంప్యూటరునుండి సర్వరును అంకెల చిరునామాతో పింగు చేయగా బదులు వచ్చెను. క్రొత్త పేరుతో చేయగా రాలేదు. కావున తీగలు నిర్దోషములనియు, లోపము పేరునందే కలదనియు తేలెను.

రెండవది, 'హోస్ట్‌నేమ్' అను ఆజ్ఞచే సర్వరు నడుగగా, అది తన క్రొత్త పేరునే చెప్పెను.

మూడవది, 'ఈటీసీ' ఫోల్డరులోని 'హోస్ట్స్' అను ఫైలును తెఱచితిమి. ఏ పేరునకు ఏ చిరునామాయో యది తెలుపును. అందు 127.0.1.1 అను అంకెల కెదురుగ పాత పేరే నిలిచియుండెను. దానిని దిద్దినంతనే హెచ్చరిక మానెను.

నాలుగవది, పాఠశాల డీఎన్‌ఎస్ పట్టికలో క్రొత్త పేరును చేర్చితిమి. అయినను కొన్ని కంప్యూటర్లు, అట్టి పేరు లేదను పూర్వపు జవాబును జ్ఞాపకముంచుకొని, ఆ గడువు తీరినపిమ్మటనే సరిపడినవి.

పూర్వము ఆర్పానెట్‌లోని యంత్రముల పేర్లన్నియు ఒకే ఫైలునందుండెడివి. స్టాన్‌ఫర్డ్ పరిశోధనసంస్థవారు దానిని నిర్వహించుచుండిరి. యంత్రములు పెరుగగా అది దుర్వహమయ్యెను. అంతట 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్‌ఎస్ పద్ధతిని రూపొందించెను. అప్పటినుండి పేర్లు పలుచోట్ల వ్రాయబడుచున్నవి. కావున పేరు మార్చువారు ఆ చోట్లన్నియు చూడవలయును. పేరున ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, నడుమ చిన్న గీత మాత్రమే యుండవలయును. చుక్కల నడుమనుండు ఒక్కొక్క భాగము 63 అక్షరములకు మించరాదు.

మార్కులు దక్కినవి. దిద్దవలసినది రెండు పంక్తులే. మీరును యంత్రము మొరాయించినప్పుడు, తుడిచివేయుటకు ముందు, ఒక్కొక్క ప్రశ్న యడిగి, జవాబును కాగితముపై వ్రాసికొనుడు.