పేరు కింద సంస్థ పేరు: యుద్ధకాలపు విద్యా బహిష్కరణపై తరచూ అడిగే ప్రశ్నలు

విద్యా బహిష్కరణలో ఏం చేస్తారు?
ఒప్పందాలు రద్దు చేస్తారు, ఉమ్మడి ప్రాజెక్టులకు నిధులు ఆపుతారు, సదస్సుల వేదిక మారుస్తారు. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తింది. మర్నాడే జర్మనీ పరిశోధన సంస్థల కూటమి రష్యా ప్రభుత్వ సంస్థలతో పనులు ఆపాలంది. అమెరికాలోని ఎంఐటీ మాస్కోలోని స్కోల్‌టెక్ విశ్వవిద్యాలయంతో తెగతెంపులు చేసుకుంది. ఆ జులైలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరగాల్సిన ప్రపంచ గణిత మహాసభ ఆన్‌లైన్‌కు మారింది.

యుద్ధం చేసేది ప్రభుత్వం కదా, ప్రొఫెసర్ల తప్పేమిటి?
బహిష్కరించేవాళ్లు చెప్పేది కూడా ఇదే: మా గురి సంస్థల మీదే, మనుషుల మీద కాదు అని. సంస్థలను గురిపెట్టడానికి ఓ కారణముంది. 2022 మార్చి 4న రష్యా విశ్వవిద్యాలయాధిపతుల (రెక్టర్ల) సంఘం పుతిన్‌ను సమర్థిస్తూ ప్రకటన ఇస్తే వందకు పైగా రెక్టర్లు సంతకాలు పెట్టారు. మరోవైపు, యుద్ధం వద్దంటూ వేలమంది రష్యా శాస్త్రవేత్తలూ సంతకాలు పెట్టారు. వాళ్లకు ముప్పూ తక్కువేం కాదు: సైన్యం గురించి ‘తప్పుడు సమాచారం’ ఇస్తే జైలు అనే చట్టం కూడా అదే మార్చి 4న వచ్చింది.

చిక్కేమిటంటే, వ్యాసంలో పరిశోధకుడి పేరు కిందే సంస్థ పేరుంటుంది. జెనీవాలోని కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో ఈ చిక్కే పెద్ద రభసకు దారితీసింది. రష్యా సంస్థల పేర్లు అచ్చువేయడానికి కొందరు ఒప్పుకోలేదు. దాంతో దాదాపు ఏడాదిపాటు అక్కడి పెద్ద ప్రయోగాల వ్యాసాలు రచయితల జాబితా లేకుండానే ముందుప్రతులుగా (ప్రీప్రింట్లుగా) బయటికొచ్చాయి. చివరికి మనుషుల పేర్లు ఉంచి, సంస్థల పేర్లు తీసేశారు. 2024 నవంబర్ 30తో రష్యాతో సెర్న్ ఒప్పందం ముగిసింది. కానీ మాస్కో దగ్గరి దుబ్నాలో ఉన్న అంతర్జాతీయ పరిశోధన సంస్థతో ఒప్పందం మాత్రం కొనసాగింది. గీత ఎక్కడ గీశారో నాకైతే అంతుబట్టదు.

దేశం చూసి పత్రిక వ్యాసాన్ని తిప్పి పంపవచ్చా?
కూడదు. ప్రచురణ నీతి నియమాల ప్రకారం రచయిత జాతీయత నిర్ణయానికి ఆధారం కారాదు. 2022లో ఒక రసాయనశాస్త్ర పత్రిక రష్యా సంస్థల వ్యాసాలు తీసుకోనంది. పెద్ద ప్రచురణకర్తల్లో ఎక్కువమంది ఆ దారిన పోలేదు. అంతకుముందు 2002లో బ్రిటన్‌లో ఒక సంపాదకురాలు ఇద్దరు ఇజ్రాయెలీ పండితులను తన పత్రికల మండళ్ల నుంచి తీసేశారు. వారిలో ఒకరు ఇజ్రాయెల్ ఆమ్నెస్టీకి అధ్యక్షురాలిగా పనిచేసిన మనిషి! సంస్థ పేరు చూసి మనిషిని కొడితే జరిగేది ఇదే.

ఆహ్వానాన్ని నేను తిరస్కరించవచ్చా?
నిక్షేపంగా. 2013లో స్టీఫెన్ హాకింగ్ జెరూసలేం సదస్సుకు వెళ్లలేదు; అది ఆయన ఇష్టం. విద్యార్థి సంగతి వేరు. 2018లో ఇజ్రాయెల్‌లో చదవాలనుకున్న విద్యార్థినికి సిఫారసు లేఖ ఇవ్వననడంతో మిషిగన్ విశ్వవిద్యాలయం ఒక అధ్యాపకుడి జీతం పెంపు ఆపింది. అమెరికా ప్రొఫెసర్ల సంఘం ఏళ్లతరబడి విద్యా బహిష్కరణలను వ్యతిరేకించి, 2024లో మాత్రం అవి వాటంతటవే విద్యా స్వేచ్ఛకు భంగం కావంది. ఆ మార్పు మీద వాదన ఇంకా తెగలేదు.

హైదరాబాద్‌లో ఉండి రష్యా సహరచయితతో రాయవచ్చా?
భారత్ రష్యాపై ఆంక్షలు పెట్టలేదు కాబట్టి మన వైపు నుంచి అడ్డు లేదు. అయితే అమెరికా, ఐరోపా నిధులున్న ప్రాజెక్టయితే ఒప్పందంలోని షరతులు వర్తిస్తాయి, ముందే చదవండి. ఆంక్షలు ఎంతదాకా వెళ్లగలవంటే, ఇరాన్ రచయితల వ్యాసాలను దిద్దాలన్నా లైసెన్సు కావాలని 2003లో అమెరికా ఖజానా శాఖ పట్టుబట్టింది. ఇంజనీర్ల సంఘం అడిగాక 2004లో సడలించింది.

బహిష్కరణ ఎన్నాళ్లుంటుంది?
యుద్ధం కన్నా ఎక్కువే ఉండవచ్చు. మొదటి ప్రపంచయుద్ధం 1918లో ఆగినా 1920 స్ట్రాస్‌బర్గ్, 1924 టొరంటో గణిత మహాసభలకు జర్మన్లను రానివ్వలేదు. 1928లో ఇటలీలోని బొలోన్యా మహాసభ వాళ్లను పిలిచింది. అప్పుడు జర్మనీలోనే కొందరు వెళ్లొద్దని పట్టుబట్టారు. ఆరోగ్యం బాగోకున్నా జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ తనవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లాడు.