పిల్లలకు కరాటే ఎప్పుడు, ఎక్కడ?

ఐదారేళ్ల పిల్లలను కరాటే, జూడో తరగతుల్లో చేర్చవచ్చా? చేర్చవచ్చు. అయితే ఆ వయసులో నేర్వాల్సింది తలపడటం కాదు. తూలకుండా నిలబడటం, దెబ్బ తగలకుండా కింద పడటం. పిల్లల ఎముకల చివర్లలో మృదులాస్థితో కూడిన ఎదుగుదల పొర ఉంటుంది. అక్కడ గాయమైతే ఎముక ఎదుగుదల కుంటుపడవచ్చు.

హెల్మెట్ ఉంటే చాలనుకోకూడదు. తల ఒక్కసారిగా కుదుపుకు లోనైతే పుర్రె లోపల మెదడూ అదురుతుంది. హెల్మెట్ దీన్ని ఆపుతుందనడానికి తగిన ఆధారాలు లేవని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016 నివేదిక పేర్కొంది.

అందుకే చేర్చే ముందు ఒక తరగతిని దగ్గరుండి చూడాలి. నేలపై మ్యాట్లు ఉన్నాయా? గురువు ప్రతి బిడ్డనూ గమనిస్తున్నారా? తలపై కొట్టడాన్ని నిషేధించారా? మూడింటికీ అవునన్న జవాబు దొరికిన చోటే చేర్చాలి.