వాళ్లను ఇంటి ఖర్చు అడుగు

చిరంజీవి అమ్మడికి,



ఆర్థికవేత్తలతో సంభాషణల శీర్షిక నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం. నువ్వు పంపిన ప్రశ్నలు చదివాను. జీడీపీ ఎంత పెరుగుతుంది, రూపాయి ఎక్కడ ఆగుతుంది... అన్నీ అవే. వాటికి జవాబులు రోజూ పేపర్లో వస్తూనే ఉంటాయి. నువ్వు వాళ్లను మనుషుల ఇళ్ల గురించి అడుగు.

మన హైదరాబాదు సంగతే తీసుకో. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మరో ఇద్దరితో కలిసి నగరంలోని 104 బస్తీల్లో సూక్ష్మరుణాలను పరిశీలించారు. చీటీలు తీసినట్టుగా సగం బస్తీలను ఎంచి, స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ చేత ముందు అక్కడ అప్పులు ఇప్పించారు. ఆరు నుంచి పదిమంది ఆడవాళ్లు ఒక గ్రూపు, 50 వారాల కిస్తీలు. 2015లో ఫలితాలు అచ్చయ్యాయి. అంతకుముందే వ్యాపారం ఉన్నవాళ్లు పెట్టుబడి కాస్త పెంచారు. కుటుంబాల సగటు ఖర్చు మాత్రం పెరగలేదు. పిల్లల చదువులోనూ, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లడంలోనూ తేడా కనబడలేదు. చిన్న అప్పుతో పేదరికం పోతుందన్న ప్రచారానికి అది గట్టి దెబ్బే.

నా చూపు ఇంకో చోట ఆగిపోయింది. అప్పు అందిన బస్తీల్లో జనం మన్నికైన సామాన్లు ఎక్కువ కొన్నారు. బయట తాగే టీ, పొగాకు లాంటి వాటి మీద, పండగల మీద ఖర్చు తగ్గించారు. లెక్కలో అది పొదుపులాగే కనిపిస్తుంది. గ్రామీణ బ్యాంకులో అప్పుల కాగితాలు చూస్తూ తల పండిన నాకు అంత తేలిగ్గా మింగుడుపడలేదు. అడ్డా కూలీ పొద్దున్నే టీ బండి దగ్గర నిలబడితేనే మేస్త్రీ కంటపడతాడు. బోనాలకు ఆడపడుచును పిలిచి చీర పెట్టే ఇంటికి, రేపు ఆస్పత్రి ఖర్చు మీదపడితే ఏ తలుపు తట్టాలో తెలుసు. ఆ ఖర్చు తగ్గితే ఇల్లు బాగుపడినట్టా, నలుగురికీ దూరమైనట్టా? ఇది నువ్వు వాళ్లనే అడగాలి.

మర్యాదగా అడుగు. వాళ్లు మనుషుల్ని ఎరగనివాళ్లేం కాదు. మొరాకోలో ఒక పల్లెటూరి మనిషి, డబ్బు ఇంకా ఉంటే తిండే ఇంకా కొంటానన్నాడు. తీరా చూస్తే ఇంట్లో టీవీ, డీవీడీ ప్లేయరు ఉన్నాయి. ఇదేమిటని బెనర్జీ, డఫ్లో అడిగితే, తిండికన్నా టీవీయే ముఖ్యమన్నాడాయన. దాన్ని దాచకుండా తమ 'పూర్ ఎకనామిక్స్'లో రాశారు. పని దొరకని ఊళ్లో పొద్దుపోవడం ఎంత కష్టమో ఆ జవాబుతో వాళ్లకు అర్థమైంది.

సూక్ష్మరుణాల కథ అక్కడితో అయిపోలేదు. 2010 అక్టోబరులో, అప్పు తీసుకున్నవాళ్ల ఆత్మహత్యల వార్తల మధ్య, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. ఇక్కడ వసూళ్లు కుప్పకూలాయి. దెబ్బతిన్న సంస్థలు వేరే రాష్ట్రాల్లోనూ అప్పులు తగ్గించాయి. హైదరాబాదు అధ్యయనంలో ఉన్న సింథియా కిన్నన్, ఎమిలీ బ్రేజాతో కలిసి ఆ రాష్ట్రాల్లోని జిల్లాల లెక్కలు తీశారు. అక్కడ రోజుకూలీ రేట్లు పడిపోయాయి, ఇళ్లలో ఖర్చులు తగ్గాయి. అప్పు వచ్చినప్పుడు తీసుకున్న ఇంటి సగటులో కనపడని మేలు, పోయినప్పుడు పక్కింటి కూలీలో బయటపడిందన్నమాట. సూక్ష్మరుణం మంచిదా చెడ్డదా అని ఒక్క ముక్కలో జవాబు రాబట్టాలని చూడకు. ఎవరి ఇంట్లో, ఎప్పుడు, ఎంతకాలం చూశారని అడుగు.

ఒక్క పని మాత్రం నా కోసం చెయ్యి. సంభాషణ అచ్చుకు వెళ్లే ముందు ఏదైనా బస్తీకి వెళ్లి, కిస్తీలు కట్టిన ఒకావిడకు దాన్ని చదివి వినిపించు. ఆవిడ కాదన్న ప్రతి మాటా రాసుకో. ఆ మాటలను ఆ ఆర్థికవేత్తకు పంపి జవాబు తెప్పించు. ఇద్దరి మాటలూ ఒకే పేజీలో వెయ్యమని మీ ఎడిటరుగారితో గట్టిగా చెప్పు.

ఇట్లు,
పెదనాన్న