'తొందర' – అర్థాలు, ప్రయోగాలు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• 'తొందర'కు సంబంధించిన పదాల అర్థభేదాలను గుర్తించగలుగుతారు.
• సందర్భానికి తగిన పదాన్ని వాడగలుగుతారు.
• పొరుగు భాషల్లో ఈ పదాలకున్న అర్థాలను తెలుసుకుంటారు.

1. ఒక మాట, పలు రూపాలు

ఇంగ్లీషులో 'హర్రీ' అనే మాట నామవాచకంగానూ, క్రియగానూ పనికివస్తుంది. తెలుగులో 'తొందర' నామవాచకం. దానికి మరో పదం చేరితేనే క్రియ అవుతుంది. కింది వాక్యాలను చదవండి.

(అ) సీత తొందరపడింది.
(ఆ) సీత తమ్ముణ్ణి తొందరపెట్టింది.
(ఇ) ఇది సీత తొందరపాటు.

మొదటి వాక్యంలో తొందర సీతది. రెండో వాక్యంలో ఆమె దాన్ని తమ్ముడికి కలిగించింది. మూడో వాక్యంలో ఆలోచించకుండా చేసిందన్న నింద ఉంది. 'తొందరగా నిర్ణయించారు' అంటే తక్కువ కాలంలో నిర్ణయించారని చెప్పడం. 'తొందరపాటు నిర్ణయం' అంటే తప్పుపట్టడం. ఉత్తరాల్లో ఈ తేడాను మరవకండి.

2. తొందర, త్వర, వేగం

'త్వరలో వస్తాను' అంటే కొద్దికాలంలో వస్తానని. 'తొందరలో తాళంచెవి మరిచిపోయాను' అన్నప్పుడు 'త్వరలో' అనే మాట కుదరదు. వేగాన్ని కొలవవచ్చు: రైలు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 'రైలు తొందరగా వచ్చింది' అంటే మాత్రం వేళకు ముందే వచ్చిందని.

3. పొరుగు భాషల్లో

మీరు బెంగళూరులోనో, చెన్నైలోనో ఉంటే ఈ భాగాన్ని శ్రద్ధగా చదవండి. కన్నడంలో 'తొందరె', తమిళంలో 'తొందరవు' అంటే ఇబ్బంది. కన్నడిగులు 'ఉసిరాటద తొందరె' అంటే ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉందని అర్థం. దాన్ని మన 'తొందర'గా పొరబడితే రోగి బాధ మనకు తెలియకుండా పోతుంది.

'అవసరం' సంగతి ఇందుకు తిరగబడి ఉంటుంది. మనకు అది అక్కర. కన్నడంలో 'అవసర', తమిళంలో 'అవసరం' అంటే తొందర. కన్నడ మిత్రుడు 'అవసర బేడ' అన్నప్పుడు మీ సాయం అక్కరలేదన్నాడని నొచ్చుకోకండి. 'తొందర వద్దు, నిదానంగా కానివ్వండి' అని అతని భావం.

పాఠగత ప్రశ్నలు

సరైన పదంతో ఖాళీలను పూరించండి.
1. పరీక్షా ఫలితాలు ______ వెలువడతాయి. (త్వరలో / తొందరపాటులో)
2. నన్ను ______కండి, లెక్క తప్పుతుంది. (తొందరపడ / తొందరపెట్ట)
3. కన్నడంలో 'అవసర' అంటే ______. (అక్కర / తొందర)

జవాబులు: 1. త్వరలో 2. తొందరపెట్ట 3. తొందర