కాలనీ ప్రణాళికకు కన్సల్టెంటును పెట్టుకోవాలంటే...

ప్రశ్న: మాది మూడు వందల ఇళ్ల కాలనీ. వానొస్తే వీధుల్లో మోకాలి లోతు నీళ్లు. పార్కుకు వదిలిన స్థలంలో కార్లు పెడుతున్నారు. సంక్షేమ సంఘం తరఫున కన్సల్టెంటును పెట్టి, అందరి అభిప్రాయాలూ తీసుకుని కాలనీ ప్రణాళిక వేయించాలనుకుంటున్నాం. మూడు కొటేషన్లు వచ్చాయి. తక్కువ ఫీజు అడిగినవారికి ఇచ్చేయవచ్చా?
– సంఘం కార్యదర్శి, విజయవాడ

జవాబు: అప్పుడే ఇవ్వకండి. కన్సల్టెంటు ఏం చేయాలో, ఏ నిర్ణయాలు కాలనీవాళ్లకే వదిలేయాలో ముందు మీరే రెండు పేజీల్లో రాసుకుని, సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయించండి. అది లేకుండా పిలిచిన కొటేషన్లలో ముగ్గురూ మూడు వేర్వేరు పనులకు ధర చెప్పి ఉంటారు. వాటిని పోల్చి లాభం లేదు.

తర్వాత ఒక్కొక్కరినీ ఒక సాయంత్రం కాలనీకి పిలవండి. ప్రజెంటేషన్ వద్దనండి, మీతో నడిస్తే చాలు. నీళ్లు నిలిచే మలుపులో గోడ మీద మిగిలిన మట్టి చారను చూసి ఆగుతారా? ‘ఇంత ఎత్తుకు ఎప్పుడొచ్చాయమ్మా’ అని ఎదురింటావిడను అడుగుతారా? ఇస్త్రీ బండి అతన్ని, అద్దెకున్నవాళ్లను పలకరిస్తారా? సంఘం పెద్దలతో మాత్రమే మాట్లాడి కారెక్కేవారు ఎంత చదువుకున్నా ఈ పనికి సరిపోరు. పట్టణ ప్రణాళికలో డిగ్రీ ఉందో లేదో చూడాల్సిందే. దాంతోపాటు, వారు ఇంతకుముందు పనిచేసిన చోటికి వెళ్లి, అక్కడి ప్రణాళికను వ్యతిరేకించిన వారితో మాట్లాడండి. తమ మాట విన్నారో లేదో వాళ్లు చెప్పినంత సూటిగా ఇంకెవరూ చెప్పరు.

ఏం కావాలో ముందు తేల్చుకుని, కన్సల్టెంటును నివాసులే ఎంచుకోవడం అమెరికాలోని సియాటిల్ నగరంలో 1990లలోనే జరిగింది. అక్కడ 38 ప్రాంతాలు సొంత ప్రణాళికలు వేసుకున్నాయి. డబ్బు నగరపాలక సంస్థ ఇచ్చింది, కన్సల్టెంట్లను మాత్రం నివాసులే ఎంచుకున్నారు. ముందు జనాన్ని కూడగట్టి, ఏం కావాలో తేల్చుకుని, ఆ తర్వాతే ప్రణాళికకు దిగారు.

ఒప్పందంలో రెండు విషయాలు గట్టిగా రాయించండి. ఫీజు విడతలను వీధివారీ సమావేశాలకు ముడిపెట్టండి. ప్రతి సమావేశం మినిట్స్ తెలుగులో రాసి, నోటీసు బోర్డులో పెట్టాకే ఆ విడత చెల్లించాలి. సర్వే వివరాలు, మ్యాపుల అసలు ఫైళ్లు సంఘానికే చెందాలి. రేపు ఆ మనిషి మారినా పని ఆగకూడదు.

ప్రశ్న: ఇలా వేసుకున్న ప్రణాళికను అధికారులు ఒప్పుకుని తీరాలా?

జవాబు: అక్కర్లేదు. చట్టం ముందు నిలిచేది మాస్టర్ ప్లాన్, ఆమోదం పొందిన లేఅవుట్. పార్కు స్థలాన్ని సంఘం తీర్మానంతో పార్కింగుగా మార్చడం కుదరదు. అందుకే మొదటి సమావేశానికే మీ వార్డు ప్రణాళిక కార్యదర్శిని పిలవండి. అంతా అయ్యాక ప్రణాళిక పుస్తకాన్ని అధికారుల చేతిలో పెడితే అది బీరువాలోకే వెళ్తుంది. ఏ పని కాలనీ చేసుకుంటుంది, ఏది కార్పొరేషన్ చేయాలి అని విడదీసి, రెండోదాన్ని అంచనా వ్యయంతో సహా అర్జీగా ఇస్తే కదలిక వస్తుంది.

ప్రశ్న: మా కాలనీలో స్థలాలున్న ఒక బిల్డరు కన్సల్టెంటు ఫీజంతా తానే భరిస్తానంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఆయన ఉద్దేశం ఎంత మంచిదైనా, రేపు రోడ్డు ఎటు వెడల్పు చేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు కన్సల్టెంటు మాటను ఎవరూ నమ్మరు. ఇంటికింత అని వసూలు చేయండి, ఇవ్వలేనివారిని వదిలేయండి. లెక్కలు అందరికీ కనిపించేలా గోడకు అంటించండి.